వెనక పసుపు పూయని రాయి

మా కాలనీకి రావాలంటే ముందు లేనివాటిని దాటుకుని రావాలి. మౌలాలి వైపు నుంచి వస్తే మొదట తగిలేది 'గేటు'. గేటు లేదు. పట్టాల కింద నుంచి దారి తవ్వి, గేటు పీకేసి చాలా కాలమైంది. అయినా ఆటోవాళ్లు "గేటు కాడ దిగుతరా?" అనే అడుగుతారు. మేమూ లేని గేటు దగ్గర దిగి, ఉన్న డబ్బులిస్తాం. తర్వాత 'మూడు చింతలు' బస్టాపు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు మూడింటినీ కొట్టేశారు. ఆ రోజు చింతించినవాళ్లు కూడా ముగ్గురికి మించి లేరు. ఆ పైన 'బోరింగ్ గల్లీ'. అక్కడ చేతిపంపు ఉండేది, నీళ్ల కోసం కొట్లాటలుండేవి, కొట్లాట చూసేందుకు జనం ఉండేవాళ్లు. ఇప్పుడు పంపు లేదు, కొట్లాట లేదు, గల్లీ నిజంగానే బోరింగ్‌గా ఉంటుంది. గిర్ని మాత్రం గిర్ని అనే బోర్డుతోనే ఉంది. లోపల పిండి పట్టరు, ఫోన్లు బాగుచేస్తారు.

ఇన్ని లేనివాటి మధ్య, పెట్టిన చోటే ఉన్నది ఒక్క రాయి.

పార్కు అని మేం గౌరవంగా పిలుచుకునే ఖాళీ జాగ ఒకటుంది. దాని ఈశాన్య మూలన మోకాలెత్తు నల్లరాయి. ఒళ్లంతా పసుపు, నుదుటన కుంకుమ బొట్లు, వెండి కళ్లు. రాయికి నుదురేమిటని అడగకండి, మాకు కనిపిస్తుంది. పేరు మూల పోచమ్మ. ఆషాఢంలో మేమంతా బోనాలెత్తేది ఆవిడకే. పార్కులో పూలమొక్క ఒక్కటీ లేదు. భామలు కావాలంటే వయ్యారిభామలున్నాయి, అవీ ముట్టుకుంటే దురద పుట్టించేవి. కానీ పొద్దున్నే నడక అక్కడే, సాయంత్రం క్రికెట్ అక్కడే, పెళ్లికి షామియానా అక్కడే, చావుకు కుర్చీలు అక్కడే. మావన్నీ చిన్న ఇళ్లు. ఆ జాగ మా అందరికీ కలిపి ఒకే ముందుగది.

నా గురించి కూడా ఓ మాట చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. నేను సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్ల రాకపోకలు మైకులో చెప్పేదాన్ని. "దయచేసి వినండి" అన్నది రోజుకు ఎన్నిసార్లు అన్నానో నాకే తెలియదు. వినేవాళ్లు విన్నారు, వినకుండా పరిగెత్తినవాళ్లు కూడా అదే రైలెక్కారు. చివరికి నా గొంతునే ముక్కలుగా రికార్డు చేసి, ఆ ముక్కల్ని అతికించే యంత్రాన్ని పెట్టి, నన్ను రిటైరు చేశారు. ఇంట్లో నా మాట వినేవాళ్లు అంతకుముందూ లేరు. కాబట్టి ఒక ఏడాది అసోసియేషన్ అధ్యక్షుడు నా ఇంటికి వచ్చి "అక్కా, మీరు రాస్తే అందరు సదువుతరు" అన్నప్పుడు నేను అట్టే బెట్టు చేయలేదు.

అధ్యక్షుడు నాకంటే చిన్నవాడు. కార్ఖానా ఏరియాలో హార్డ్‌వేర్ దుకాణం ఉంది. ఎవరింట్లో కుళాయి లీకైనా తనే వాషరు పట్టుకొచ్చే రకం. మంచివాడు. ఆ సంగతి మధ్యలో నేను మరిచిపోతానేమోనని ముందే రాసి పెడుతున్నాను.

"కాలనీ చరిత్ర రాయాలక్కా. పుస్తకం ఏస్తున్నం. కమాను కాడ బండ మీద సుత చెక్కిస్తం."

"మన కాలనీకి చరిత్రేముంది? జొన్నచేలు, రాళ్లు, తర్వాత మనం."

"గట్లంటే ఎట్ల? మన మూల పోచమ్మ లేదా? అయిదొందల ఏండ్ల కింద స్వయంభూగ ఎలిసిందని రాయండి. గుడి కడుతున్నం గద. గ్రానైటు గుడి. పక్క ప్లాటాయన మొత్తం ఖర్సు ఆయనే పెట్టుకుంటనన్నడు."

"అంత భక్తా?"

"ఆయనకు శానా సెంటిమెంటక్కా. తొవ్వకు అడ్డం గాకుండ అమ్మోరిని పదడుగులు లోపల్కి జరిపి, మంచిగ ప్రతిష్ఠ చేయిస్తడట. వచ్చే ఆదివారం ముహూర్తం. ఆ రోజు మైకుల మీరే సదవాలె."

మైకు అన్నమాట వినగానే నాకు ముసలి గుర్రానికి గుగ్గిళ్లు చూపించినట్టయింది. సరే అన్నాను. అతను వెళ్లాక నేను చాయ్ గ్లాసులు కడుగుతుంటే గుర్తొచ్చింది, ఆ అమ్మవారు వెలిసిన రోజున నేను అక్కడే ఉన్నానని.

నాకు ఏడేళ్లు. నాన్న రైల్వే ఆఫీసులో నక్షాలు గీసేవాడు. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి, తోటి ఉద్యోగులతో కలిసి ఈ బీడు కొన్నాడు. కాలనీ నక్షా ఆయనే గీశాడు. రోడ్డెక్కడ, ఇల్లెక్కడ, పార్కెక్కడ అని కొలవాలంటే కదలని చోటొకటి ఉండాలి కదా. అందుకని ఈశాన్య మూలన ఒక రాయి పాతించాడు. దారానికి గుండు కట్టి రాయి నిటారుగా ఉందో లేదో ఆయన చూస్తుంటే, ఆయన నెత్తిన గొడుగు పట్టింది నేను. కాలనీ నిర్మాణంలో నా పాత్ర అంతటితో సమాప్తం. గొడుగు కూడా ఎక్కువగా నా మీదే పట్టుకున్నానని అమ్మ అనేది.

అంటే అది సర్వేరాయి. అయిదొందల ఏళ్లు కాదు, నాకంటే ఏడేళ్లు చిన్నది.

ఆ సంగతి తెలిసీ నేను కూడా దానికి మొక్కాను. పదో తరగతి లెక్కల పరీక్ష ముందు, జామెట్రీ గట్టెక్కించమని ఆ రాయికి కొబ్బరికాయ కొట్టాను. కోణాలు కొలిచే రాయికి కోణాల గురించే మొక్కానన్న సంగతి అప్పుడు తట్టలేదు. గట్టెక్కాను కూడా. కాబట్టి రాయిలో ఏమీ లేదని నేను గట్టిగా అనలేను. ఇంకో విచిత్రం, మా నాన్న. గుడి ముందు నుంచి వెళ్తున్నా చెయ్యెత్తని మనిషి, ప్రతి ఆదివారం ఆ రాయి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసేవాడు. వెనక్కి వెళ్లి, వంగి, ఒక్క క్షణం ఆగి, వచ్చేసేవాడు. "మీ నాన్నకి ఇన్నాళ్లకి బుద్ధొచ్చింది" అని అమ్మ మురిసిపోయేది.

అధ్యక్షుడు చెప్పిన పదడుగుల మాట నా బుర్రలో ప్లాట్‌ఫారం దొరకని రైలులా తిరుగుతూనే ఉంది. మర్నాడు పొద్దున నడకకు వెళ్లినప్పుడు చూశాను. పక్క ప్లాటులో అపార్ట్‌మెంటు కోసం గుంతలు తవ్వుతున్నారు. ప్రహరీ ఎక్కడ వస్తుందో తెలియడానికి సున్నంతో గీత పోశారు. ఆ గీత ప్లాటు దాటి పార్కులోకి వచ్చి కూర్చుంది. రాయి దగ్గర నుంచి గీత దాకా అడుగులో అడుగేసి నడిచాను. పది. మళ్లీ నడిచాను. నా పాదం కొంచెం చిన్నది, అయినా పదే.

ఇంటికొచ్చి నాన్న గీసిన నక్షా కోసం బీరువా అంతా తిరగేశాను. చివరికి దొరికింది వంటింట్లో. అమ్మ దాన్ని అరమరలో ఆవకాయ జాడీ కింద పరిచింది. ఎన్నేళ్ల నూనో, పార్కు ఉన్న చోట జాడీ అడుగు గుండ్రంగా అచ్చు పడింది. మా పార్కు నక్షాలో తప్ప ఎక్కడా అంత ఘాటుగా లేదు. కానీ మూలన నాన్న గీసిన చిన్న కూడికగుర్తు చెక్కుచెదరలేదు. పక్కన ఆయన ముత్యాల్లాంటి అక్షరాలు: 'కొలతలన్నీ ఈ రాయి నుంచి.'

అప్పుడర్థమైంది. రాయి ఉన్నచోటే ఉంటే ఆ సున్నం గీత తప్పు. రాయి పదడుగులు జరిగితే గీత ఒప్పు. సర్వేరాయిని జరిపితే నేరం. అమ్మవారిని జరిపితే పుణ్యం, పైగా భోజనాలు. ఆయన సెంటిమెంటు పొడవెంతో నాకు అడుగుల్లో తెలిసింది.

అయితే నిజం రాయడం అంత సులువు కాదు. ఆ రాయికి రోజూ స్నానం చేయించి, పసుపు పూసి, దీపం పెట్టే అవ్వ ఒకామె ఉంది. పార్కు వెనక గల్లీలో ఒంటిగది ఇల్లు. మొగుడు రాళ్లు కొట్టేవాడు, పోయి చాలా ఏళ్లైంది. నాకు తెలిసినప్పటి నుంచీ ఆ అవ్వ ముసలిదే. జీవితమంతా కొలిచిన దేవతను "అవ్వా, అది మా నాన్న పాతిన సర్వేరాయి" అని పుస్తకంలో అచ్చేసి చేతికిస్తే ఆమె ఏమైపోవాలి? రైలు రద్దయిందని చెప్పడం ఇంతకంటే సులువు.

ముందు ఆమెకే చెబుదామని వెళ్లాను. అవ్వ రాయి దగ్గరే ఉంది, చెంబుతో నీళ్లు పోస్తోంది. పక్కన కూర్చున్నాను. ఎండ, బస్సు ఛార్జీలు, మా కోడలి పురుడు, అన్నీ మాట్లాడాను. అసలు మాట తప్ప.

"ఏందే బిడ్డా, గుటకలు మింగుతున్నవ్? రైలు లేటా?"

"అవ్వా... ఈ రాయి..."

"ఊ, రాయి?"

"ఇది... మా నాన్న..."

"మీ నాయిన పాతిండు. నాకెర్కలేదా? పాతేటప్పుడు పట్టుకున్నదే నేను. మా పెనిమిటి గుంత తోడిండు, నేను ఈ రాయిని రొమ్ముకానిచ్చి పట్టుకున్న. నువ్వు గొడుగు పట్టుకోని నిలవడ్డవ్. మీ నాయినకు ఎండ, నీకు నీడ."

అమ్మ మాట నిజమేనన్నమాట.

"మరి పసుపు?"

అవ్వ చెంబు పక్కన పెట్టింది. "అప్పట్ల రాళ్లకు కాళ్లొచ్చినయ్ బిడ్డా. పొద్దుగాల పాతితే మాపటికల్ల జరుగుడే. ఒగడు ఇటు జరుపు, ఇంకొగడు అటు జరుపు. మీ నాయిన నెత్తికి చేతులు వెట్టుకోని కూసునెటోడు. మళ్ల పాతుడు, మళ్ల మోసుడు. నా నడుములు పోయినయ్. ఒక శుక్రారం నాడు నేనే జెర పసుపు పూసి, రెండు బొట్లు వెట్టిన. పోచమ్మను ఎవడు జరుపుతడు? జరుపమను చూద్దాం."

"నాన్న ఏమీ అనలేదా?"

"నవ్విండు. శానసేపు నవ్విండు. ఎన్కకు మాత్రం పుయ్యకమ్మా, గుర్తు కనవడాలె అన్నడు. అప్పటి సంది ఎన్కకు పుయ్య."

నేను లేచి రాయి వెనక్కి వెళ్లి వంగాను. ముందంతా పసుపు ముద్దలా మెరిసే రాయి, వెనక అరచెయ్యంత మేర నల్లగా, శుభ్రంగా ఉంది. ఆ నలుపులో ఉలితో చెక్కిన కూడికగుర్తు. నాన్న ప్రతి ఆదివారం ప్రదక్షిణ చేసింది దీనికి. వంగింది దీన్ని చూసుకోవడానికి. అమ్మ బతికుంటే ఎంత తిట్టేదో.

"అంటే ఇన్నేళ్లూ నువ్వు ఉత్తుత్తి పూజే చేశావా అవ్వా?"

అవ్వ నన్ను జాలిగా చూసింది, ప్లాట్‌ఫారం మీద నుంచి తప్పు రైలెక్కినవాళ్లను చూసినట్టు. "మొదట్ల ఉత్తదే. గిన్నేండ్లు రోజు తానం పోసి, దీపం వెట్టి, పిలుస్తుంటే అమ్మ రాకుంటదా? ఎప్పుడు వచ్చిందో నేనూ సూడలే. ఒచ్చింది."

సున్నం గీత సంగతి చెప్పాను. అవ్వ తల తిప్పి ఆ గీత వైపు చూసింది. "రాసింది రాసినట్టు సదువు," అంది. "నడుమల ఆగకు."

ఆదివారం షామియానా వేశారు. పులిహోర గంగాళం వచ్చింది, జేసీబీ వచ్చింది, పంతులుగారు వచ్చారు, జేసీబీకీ దండ వేశారు. పక్క ప్లాటాయన తెల్లబట్టలు కట్టుకుని అందరికీ దండాలు పెడుతున్నాడు. అధ్యక్షుడు నా గురించి రెండు మంచి మాటలు చెప్పాడు, వాటిలో ఒకటి నిజం. మైకు నా చేతికొచ్చింది.

"దయచేసి వినండి," అన్నాను.

చిత్రం, విన్నారు. చేతుల్లో విస్తరాకులున్నవాళ్లు కూడా ఆగారు. ఆ గొంతు విని పరిగెత్తడమో ఆగడమో అందరికీ అలవాటైనదే కదా. నేను నాన్న గొడుగు నుంచి మొదలుపెట్టి చదివాను. జొన్నచేలు, రాళ్లు, నక్షా, నడిచే రాళ్లు, అవ్వ శుక్రవారం. రాయి వెనకాల ఉన్న గుర్తు. కొలతలన్నీ ఈ రాయి నుంచి. ఇక్కడి నుంచి కొలిస్తే ఆ సున్నం గీత పార్కులో పదడుగులు లోపలుంది. అవ్వ చెప్పినట్టే నడుమ ఆగలేదు. చివర్న మాత్రం నా పాత ఉద్యోగం నోట్లోంచి దానంతటదే వచ్చింది: "ఇందువల్ల కలిగిన అసౌకర్యానికి చింతించడం లేదు."

అధ్యక్షుడి మొహం నీళ్లు రాని కుళాయిలా అయింది. "అక్కా, నాకిది చెప్పలే గద మీరు," అన్నాడు. పాపం, నిజమే. చెప్పలేదు. చెబితే మైకు ఇవ్వడేమోనని భయపడ్డాను. ఆ విషయంలో మాత్రం నేను అతనికి క్షమాపణ బాకీ.

పక్క ప్లాటాయన తేరుకున్నాడు. తెలివైనవాడు. "అయితే అమ్మోరు గాదన్నట్టు. ఉత్త రాయే అంటున్నరు మేడమే. పూజలెందుకు ఇగ? లేపు భయ్యా, పక్కకు వెయ్యి," అని జేసీబీ డ్రైవర్‌కు చెయ్యూపాడు.

నేను నిజం చెప్పి, దేవతను దించేసి, దారి నేనే క్లియర్ చేసిపెట్టానా? జనం అటూ ఇటూ చూస్తున్నారు. అవ్వ ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచింది. మెల్లగా నడిచి, రాయి పక్కన కింద కూర్చుని, ఒక చెయ్యి దాని నెత్తిన వేసింది, మనవరాలి మీద వేసినట్టు.

"డ్రైవర్ బిడ్డా, ఇది సర్వేరాయి. పట్టుకోని పాతిచ్చింది నేనే. ఇది మూల పోచమ్మ. పసుపు పూసి నిలవెట్టింది నేనే. రెండూ నిజమే. ఇప్పుడు లేపు."

డ్రైవర్ ఇంజను ఆపేశాడు. దిగి, చెప్పులు విడిచి, రాయి ముందుకెళ్లి దండం పెట్టాడు. వెనక్కెళ్లి వంగి గుర్తు చూశాడు. తర్వాత పక్క ప్లాటాయనతో ఎంతో మర్యాదగా అన్నాడు: "సార్, సర్వేరాయైతే సర్వేయర్ రావాలె, కాయితం కావాలె. నేను లేపితే నా బండి సీజైతది. అమ్మోరైతే నేనసలే ముట్ట. మీరు ఏదన్నా ఒకటి జెప్పుండ్రి, ఏది జెప్పినా నాకు పనిలేదు."

"కిరాయి ఇస్తున్న గదా!"

"ఒచ్చిన కిరాయి ఇయ్యుండ్రి సార్. లేపిన కిరాయి అక్కర్లే." అని పులిహోర గంగాళం వైపు నడిచాడు. అతని వెనకే సగం కాలనీ నడిచింది. మిగతా సగం అవ్వ పక్కన కింద కూర్చుంది. మోకాళ్ల నొప్పులవాళ్లు కుర్చీలు తెచ్చుకుని కూర్చున్నారు. ముహూర్తం దాటిపోయింది. పంతులుగారే గడియారం చూసి "ఇక ఇవాళ్టికి ఏ పనీ పనికిరాదు" అని తేల్చేశారు. ఆయన గొంతులో కూడా కొంచెం సంతోషం వినిపించింది, నాకు గొంతులు తెలుసు.

పుస్తకం తర్వాత వచ్చింది. అందులో నా వ్యాసం లేదు. విరాళమిచ్చినవాళ్ల ఫొటోలున్నాయి, ప్రతి ఫొటోలో చిరునవ్వు ఉంది. కమాను దగ్గర బండ మీద 'సుస్వాగతం' ఒక్కటే చెక్కారు. అయిదొందల ఏళ్లు లేవు, మా నాన్న లేడు. పర్వాలేదు. ఆ వ్యాసమే కొంచెం పెంచి ఇక్కడ రాస్తున్నాను. అచ్చులో ఎక్కడో ఒకచోట ఉంటే చాలు, రాయిని ఎవరైనా జరపాలనుకుంటే ముందు దీన్ని జరపాలి. అధ్యక్షుడు నెల రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత మా ఇంటి కుళాయి కారితే వాషరు పట్టుకుని తనే వచ్చాడు, వెళ్తూ వెళ్తూ నక్షాకు జిరాక్సు అడిగాడు. రెండిచ్చాను. ఆవకాయ మరకతో సహా.

పక్క ప్లాటాయన గోడ ఇంకా లేవలేదు. ఆఫీసుల చుట్టూ ఆయన కాగితాలు తిరుగుతున్నాయి, మా కాగితాలూ తిరుగుతున్నాయి. రేపేమవుతుందో నాకు తెలియదు. వానలకు సున్నం గీత చెరిగిపోయింది. వాళ్లు మళ్లీ పోస్తే మేం మళ్లీ నడిచి కొలుస్తాం. ఇప్పుడు పొద్దుటి నడక అక్కడి నుంచే మొదలు. రాయి దగ్గర నుంచి అడుగులో అడుగు. వైద్యుడు చెప్పినదానికంటే ఎక్కువే నడుస్తున్నాను.

మొన్న శుక్రవారం అవ్వ చేతులు బాగా వణుకుతున్నాయి. పసుపు సగం రాయి మీద, సగం నేల మీద పడుతోంది. గిన్నె నాకందించింది. నాకిలాంటివి చేతకావు, ఈ చేతికి అలవాటైంది మైకు ఒక్కటే. అయినా కూర్చున్నాను. నీళ్లు పోసి, తడి ఆరకముందే పైనుంచి కిందికి పూస్తూ వచ్చాను. చల్లగా, గరుకుగా ఉంది, నాకు ఏడేళ్లప్పటి ఆ రోజు ఎండకు కాలినట్టు లేదు. ముందు అయిపోయింది. పక్కలు అయిపోయాయి. చెయ్యి మలుపు తిరుగుతుంటే అవ్వ నా మణికట్టు పట్టుకుంది.

"ఎన్కకు పుయ్యకు," అంది.

పూయలేదు.